టీ బకెట్‌లో పైకొచ్చిన మాత్ర

ముందు ఆ బకెట్ సంగతి చెప్పేస్తాను. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లందరూ నా వెన్నుపూస గురించే అడుగుతారు, బకెట్ గురించి ఒక్కరూ అడగరు. చిన్న నీలం ప్లాస్టిక్ బకెట్ అది. మా యార్డులో క్రేన్ కేబిన్ నుంచి కిందికి ఒక నైలాన్ తాడు వేలాడేది, దాని కొసన ఈ బకెట్. కిందున్నవాడు అందులో టీ పెడితే పైనున్నవాడు లాక్కుంటాడు. ఆ తాడు కట్టింది మా బావ పైడిరాజు, నా మీద ప్రేమకొద్దీ. ఆ ప్రేమే నా కాలిని పనికిరాకుండా చేసింది, బావకి రెండు వేళ్లు లేకుండా చేసింది.

నా పేరు సూరిబాబు. ఆటోనగర్ వెనకాల ఒక స్టీలు యార్డులో క్రేన్ ఆపరేటర్ని. ట్రైలర్ల మీద వచ్చిన కాయిళ్లు, అంటే చుట్టగా చుట్టిన ఉక్కు రేకులు, ఎత్తి వరసలుగా పేర్చడం నా పని. పైడిరాజు బావ నా ఇల్లాలు నూకాలుకి అన్న, అదే యార్డులో ఖలాసీ. ఖలాసీ అంటే కొక్కేనికి సరుకు తగిలించి, కింద నించుని చెయ్యి ఊపుతూ దింపించేవాడు. వాడు 'హబీస్' అంటే నేను ఎత్తాలి, 'ఆరియా' అంటే దించాలి, 'బస్' అంటే ఆపాలి. ఆ మాటలు ఏ భాషవో మాలో ఎవడికీ తెలీదు, ఓడల కాలం నుంచీ వస్తున్నాయంటారు. పైనున్న నాకు సరుకు అడుగుభాగం కనపడదు. బావ నోరూ, బావ చెయ్యీ, అవే నా కళ్లు.

1997 ఎండాకాలంలో ట్రైలర్ మీంచి దిగబోతూ జారి నడుం మీద పడ్డాను. పదిహేను రోజులు మంచం మీద ఉన్నాక నడుం సర్దుకుంది గానీ ఎడమకాలికి ఇంకోటి తగులుకుంది. పిరుదు దగ్గర మొదలై చిటికెన వేలి దాకా మంట, మిరపకాయ నూరిన చేత్తో రాసినట్టు. మధ్యలో కరెంటు కొట్టినట్టు ఒక జెర్క్. లుంగీ అంచు తగిలినా ప్రాణం పోయేది. అరికాలి మంట నెత్తికెక్కిందని కోపం వచ్చినప్పుడు అంటాం కదా, నాకది కోపం లేకుండానే రోజూ ఎక్కేది. పైకి చూస్తే కాలు నిక్షేపంగా ఉంటుంది. గాయం లేదు, వాపు లేదు. దాంతో సగంమంది నమ్మరు. వెన్నులో నరం నలిగిందని ఫొటో తీసిన డాక్టరు చెప్పాడు, మెల్లగా తగ్గొచ్చన్నాడు. మెల్లగా అంటే ఎంత అని అడిగితే నవ్వాడు.

మా వీధి చివర ఆరెంపీ ఒక కేప్సూలు రాసిచ్చాడు. నొప్పి మందూ, కాస్త మత్తూ కలిసినది. వేసుకున్న అరగంటకి నా కాలు ఎక్కడుందో మర్చిపోయాను. ఆ పూట నూకాలు చేపల పులుసు పెడితే మారు అడిగి తిన్నాను, తిని ఏడ్చాను. మూణ్ణెల్ల తర్వాత మొదటిసారి ఒంటికి సుఖంగా ఉండి వచ్చిన ఏడుపది. కాబట్టి ఆ మాత్రని తిట్టడానికి నేనిది రాయట్లేదు. అది నాకు చేసిన మేలు నాకు గుర్తుంది, ఆ మేలు చూసే గుడ్డివాణ్ణయ్యాను.

తిరిగి డ్యూటీలో చేరాను. కేబిన్‌కి ఇనప నిచ్చెన, ముప్పై నాలుగు మెట్లు. ఎక్కడం ఎలాగో ఎక్కేవాణ్ణి గానీ దిగడం నరకం. దిగేటప్పుడు కాలు వెనక్కి చాపి మెట్టు కోసం వెతకాలి, అక్కడే కరెంటు కొట్టేది. టీ టైముకి అందరూ కింద షెడ్డు నీడలో చేరేవారు. నేను ఒక్కొక్క మెట్టూ మొహం చిట్లించుకుంటూ దిగుతుంటే బావ చూడలేకపోయాడు.

"నువ్వు దిగొద్దురా సూరీ. నాను పంపిత్తాను కదేటి పైకి," అన్నాడు.

మర్నాటికల్లా తాడూ బకెట్టూ తయారు. టీ గ్లాసు, దాని మీద కాగితం, కాగితం మీద కేప్సూలు. గాజువాక మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేవారు, బావే కొని జేబులో ఉంచుకునేవాడు. మా యార్డులో అదొక అలవాటు. ఒకడి నడుం విరిగితే మిగతావాళ్లంతా వాడికి నడుం అవుతారు, ఓనరు చెవిన పడనివ్వరు. రెండు నెలలయ్యేసరికి మధ్యాహ్నం కేరేజీ కూడా బకెట్‌లోనే వచ్చేది. ఒంటికి వెళ్లాలంటే దానికో సీసా. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దిగడమే. బావ ఎంత మంచివాడని ఊరంతా చెప్పేవాణ్ణి.

ఒక కేప్సూలు రెండయింది. 1999కి మూడు. ఒక్కటే చూసుకునేవాణ్ణి, నొప్పుందా, లేదా. లేదంటే బాగున్నట్టే. కానీ సైకిలు ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు. మఠం వేసుకుని నేల మీద తినడం మానేశాను, స్టూలు వేయించుకున్నాను. ఏటా సింహాచలం కొండకి మెట్లెక్కి వెళ్లేవాణ్ణి, ఆ ఏడు బస్సులో వెళ్లాను. మరుసటేడు అసలు వెళ్లలేదు. కూతురు ఎత్తుకోమని చేతులు చాస్తే, 'పెద్దదానివైపోయావు కదే' అన్నాను. దానికప్పుడు నాలుగేళ్లు.

నూకాలు పసిగట్టింది. కొండ నుంచి ప్రసాదం పట్టుకొచ్చిన రోజు, నేను ఇంట్లో మంచం మీద ఉన్నాను.

"ఓపాలి లెగిసి నడు, సూత్తాను," అంది.

"నొప్పి లేదు కదా, ఎందుకు నడవడం?"

"అప్పన్న సామికైనా ఏడాదికోపాలి గంధం ఒలిసి నిజరూపం సూపిత్తారు. నీ కాలికి మూడేళ్లబట్టీ గంధం పూత్తానే ఉన్నావు. కింద ఏటుందో నీకు తెల్దు."

నాకు ఒళ్లు మండింది. మీ అన్నే కదా పంపిస్తున్నాడు, వాణ్ణి అడుగు అన్నాను. తను ప్రసాదం నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

2001 వర్షాకాలం. అప్పటికి రోజుకి ఎన్నో నేను ఎవరికీ నిజం చెప్పేవాణ్ణి కాదు. బావ జేబులోవి కాక నా జేబులో వేరే స్ట్రిప్పు ఉండేది. ఆ రోజు పదిన్నర టీతో వేసుకున్నది ఐదోది. చినుకులు పడుతున్నాయి, ఓనరు తొందర పెడుతున్నాడు. ఎనిమిది టన్నుల కాయిలు ఎత్తాను. బావ కింద చెక్క దిమ్మలు పరిచాడు, కాయిలు దొర్లకుండా వాటి మీదే దించాలి.

"ఆరియా... ఆరియా..."

దించుతున్నాను. ఒక దిమ్మ పక్కకి జరిగింది కాబోలు, బావ వంగి సరిచేయబోతూ 'బస్' అన్నాడు. నేను విన్నాను. ఈ ముక్క నేను ఎన్నిసార్లు తలచుకున్నానో దేవుడికే తెలుసు. విన్నాను, విని ఆపేశాననే అనుకున్నాను. ఆపిన సంగతి నా బుర్రలో జరిగింది, చేతిలో జరగలేదు. బావ అరిచిన అరుపుకి లీవరు మీద నా చెయ్యి కదిలింది.

నేను కిందికి దిగేసరికి మిగతా ఖలాసీలు వాణ్ణి ఆటో ఎక్కించేశారు. ముప్పై నాలుగు మెట్లు దిగడానికి నాకంత సేపు పట్టింది. అక్కడ దిమ్మ మీద రక్తం వానకి కడుక్కుపోతోంది. ఓనరు వచ్చి ఏం జరిగిందని అడిగితే, ఒక ఖలాసీ నా మొహం చూడకుండా చెప్పాడు, "పైడిరాజే సెప్పమన్నాడు బాబూ, తన సెయ్యే తప్పుగా పెట్టీసినాడంట." చెయ్యి నలిగి ఆటోలో పడి ఉన్నవాడు నా ఉద్యోగం కాపాడే మాట చెప్పి వెళ్లాడు.

నర్సింగ్ హోమ్ వరండాలో బెంచీ మీద నూకాలు నా పక్కన కూర్చుంది. లోపల బావకి కుడిచేతి చివరి రెండు వేళ్లూ తీసేస్తున్నారు. తను గోడ వైపే చూస్తూ అడిగింది.

"ఇయ్యాల ఎన్ని ఏసుకున్నావ్?"

"రెండు."

తను నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి స్ట్రిప్పు తీసింది. ఖాళీ గుంటలు వేలితో తడుముతూ ఒక్కొక్కటీ చూసింది. స్ట్రిప్పు మళ్లీ నా జేబులోనే పెట్టింది. తిడితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి ఉన్నవన్నీ కాలవలో పారేశాను. ఒట్టేశాను. ఇలాంటి కాలే ఉండి ఇది చదివేవాళ్లెవరైనా ఉంటే, ఈ ఒక్క చోట నన్ను చూసి నేర్చుకోకండి. ఒక్కసారిగా, ఒంటరిగా మానకండి. మొదటిరోజు ముక్కు కారింది, ఆవలింతలు. రెండోరోజు విరేచనాలు, ఒళ్లంతా గగుర్పాటు, మంచం మీద నిలవలేను, నేల మీద నిలవలేను. కాలి మంట ఇన్నాళ్లు దాచుకున్న వడ్డీతో సహా వచ్చింది. నాలుగోరోజు పొద్దున్న నూకాలు నీళ్లకి వెళ్లిన సందు చూసి, గోడ పట్టుకుని నడిచి షాపుకెళ్లి కొన్నాను. బియ్యం డబ్బాలో దాచాను. బావ చెయ్యి కట్టు ఇంకా విప్పలేదు అప్పటికి. నా మీద నాకు అంత అసహ్యం ఇంకెప్పుడూ వెయ్యలేదు.

బియ్యం డబ్బాలో దాచినవాడి తెలివి చూడండి. ఆ సాయంత్రమే నూకాలుకి దొరికింది. మర్నాడు నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

నరాల ఓపీ ముందు వరండా నిండా జనం. బెంచీ మీద చోటు ఉంది గానీ నేను కాలు మడిచి కూర్చోలేను, చాపితే నడిచేవాళ్లు తంతారు. గోడకి ఆనుకుని చెమటలు కక్కుతున్నాను. పక్కన చేపలమ్ముకునే ఒక జాలారామె, ఒడ్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం చూస్తోంది. నన్ను కాసేపు చూసి గంప బోర్లించి నా ముందు పెట్టింది.

"కాలు పెట్టుకో బాబూ. నీసు వాసన, అంతే. ఇరగదులే."

రెండు గంటలు ఆ గంప మీద కాలు పెట్టుకున్నాను. తన పేరు పిలిచినప్పుడు కూడా గంప తీసుకోలేదు, లోపలికెళ్లి వచ్చాకే తీసుకుంది. ఆమె పేరు నాకు తెలీదు. ఆమె చేతులు వణుకుతున్నాయి, ఆమె జబ్బేమిటో నేను అడగలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

డాక్టరమ్మ చిన్నవయసుది. నొప్పి ఎంతుంది అని అడుగుతుందని నేను ఏకరువు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అడగలేదు.

"ఏమేం చెయ్యగలుగుతున్నారు?" అంది.

నూకాలే చెప్పింది. సైకిలు లేదు, మెట్లు లేవు, నేల మీద కూకోడం లేదు, పాపని ఎత్తుకోడం లేదు. డాక్టరమ్మ టేపుతో నా తొడలు కొలిచింది. ఎడమది కుడిదానికన్నా బాగా చిక్కిపోయింది. నేనే ఆశ్చర్యపోయాను. రోజూ స్నానం చేస్తూ చూడలేదా అంటే, చూడలేదు.

"మందు చెడ్డదని నేను అనను," అంది. "అవసరమైనవాళ్లు ఉంటారు, వాళ్లకి నేనే రాస్తాను. కానీ నడవడానికని మొదలుపెట్టారు కదా. నడక పెరిగిందా తగ్గిందా?"

"తగ్గింది."

"మరి దేనికోసం వేసుకుంటున్నారు?"

నాకు బకెట్ గుర్తొచ్చింది. నొప్పికి మాత్ర వేసుకున్నాను, దిగకుండా ఉండడానికి మాత్ర వేసుకున్నాను, దిగకపోబట్టి కాలు చచ్చింది, కాలు చచ్చేకొద్దీ ఇంకో మాత్ర. ఇది నాకు నాలుగేళ్లు తట్టలేదు.

వారానికి కొంచెం కొంచెంగా తగ్గించాలంది. నరాలకి వేరే మాత్ర రాసింది, రోజూ నడక, కాలికి కసరత్తు. నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం అనలేదు. కేప్సూళ్లు ఎవరి దగ్గర ఉంచుతారని అడిగితే నూకాలు కొంగు చూపించింది.

అప్పటినుంచి అవి దాని కొంగు ముడిలోనే. టైముకి ముడి విప్పి ఒకటి చేతిలో పెట్టేది, మళ్లీ ముడి వేసేది. మొగుడు పెళ్లాం చెయ్యి కేసి చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. రెండో నెలలో ఒకరోజు మధ్యాహ్నం తట్టుకోలేక ముందే ఇమ్మన్నాను. ఇవ్వనంది. కొంగు పట్టుకుని లాగాను. చీర చిరిగింది. గుమ్మంలో కూతురు పలక పట్టుకుని నించుని ఉంది.

నేను వదిలేశాను. నూకాలు చిరిగిన కొంగు చూసుకుని, ముడి జాగ్రత్తగా ఉందో లేదో తడుముకుని, "ఇంకా గంటుంది" అంది. అంతే. ఆ గంట నేను పెరట్లో గోడ పట్టుకుని అటూ ఇటూ నడిచాను. కాలు మండుతూనే ఉంది. గంట అయ్యాక తను వచ్చి చేతిలో పెట్టింది. ఆ చీర తను ఇప్పటికీ కుట్టించుకోలేదు, పారెయ్యలేదు.

నడక మొదట్లో మా గుమ్మం నుంచి ఒక్క కరెంటు స్తంభం. వారం తర్వాత రెండోది. దీపావళికి మూడోది దాటాను, సంవత్సరాది నాటికి ఆటోనగర్ గేటు. నొప్పి ఎక్కడికీ పోలేదు, నాతోనే నడిచేది. దారిలో ఒక మెకానిక్ షెడ్డు ముందు పాత టైరు ఉండేది, దాని మీద కూర్చుని లేచేవాణ్ణి. షెడ్డువాడు నేను వచ్చే వేళకి టైరు మీద గోనె పరిచి ఉంచేవాడు. నూకాలు కొంగు ముడి చిన్నదవుతూ వచ్చి, 2002 వేసవిలో ఒకరోజు ముడే లేకుండా పోయింది.

పైడిరాజు బావ మూడు వేళ్లతోనే తిరిగి ఖలాసీ పనిలో చేరాడు. ఇన్ని నెలలూ మా ఇంటికొచ్చేవాడు, చెల్లెలితో మాట్లాడేవాడు, నాతో వానలూ ఎండలూ మాట్లాడేవాడు. ఆ రోజు సంగతి ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, పెందుర్తిలో వాళ్లింటి అరుగు మీద, చెయ్యి చూసుకుంటూ అన్నాడు.

"నాను పంపబట్టే కదరా."

"నేను అడగబట్టి పంపావు."

"నువ్వు అడగనేదు. ముందు నానే పంపినాను."

నేను మానేశాక నా బదులు క్రేన్ మీద పెట్టిన కొత్త ఆపరేటరు మానేశాడని తెలిసి ఓనరు దగ్గరికెళ్లాను. పని అడిగే ముందు నిజం చెప్పాను. బావ చెయ్యి తప్పుగా పెట్టలేదు, నేనే ఆపలేదు, మత్తులో ఉన్నాను. చెప్తుంటే కూతురి స్కూలూ, ఇంటద్దే కళ్లముందు ఆడుతున్నాయి. వేరే పని నాకు రాదు. ఓనరు తలెత్తి అడిగాడు.

"ఇప్పుడు చెప్తే ఆ వేళ్లొస్తాయా?"

"రావండి."

"డాక్టరు కాయితం తే. కాయితం ఉన్నా, కొక్కెం కింద నించునేవాడు ఒప్పుకోవాలి. నేను చెప్తే వాడు నించోడు, నించోకూడదు కూడా."

అది యార్డు కట్టుబాటు. పైన ఎవడు కూర్చోవాలో ఓనరు చెప్పొచ్చు గానీ, వాడి కింద నించోవాలో వద్దో ఖలాసీ ఇష్టం. ఖలాసీ పక్కకి జరిగితే ఆ ఆపరేటరు పని అయిపోయినట్టే. బావ ఒప్పుకుంటాడా అని నూకాలుని అడిగితే, అది నువ్వే ఎల్లి అడుగు అంది. అడగడానికి నాకు నోరు రాలేదు.

కాయితం ఇచ్చిన మర్నాడు పొద్దున్న యార్డుకి వెళ్లాను. ట్రైలర్ వచ్చి ఉంది. ఖలాసీలు నలుగురూ నిచ్చెన దగ్గరే ఉన్నారు. కేబిన్ నుంచి పాత తాడు ఇంకా వేలాడుతోంది, బకెట్ ఎండకి తెల్లబారింది. బావ దాని పక్కన నించుని ఉన్నాడు. నేను నిచ్చెన మీద చెయ్యి వేశాను. అడ్డం వచ్చాడు. మొహం మొహం దగ్గర పెట్టి నా కళ్లలోకి చూశాడు, కంటిపాపల్లో ఏదో వెతుకుతున్నట్టు.

"ఏసుకున్నావా?"

"లేదు బావా."

"నొప్పుందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. లేదంటే ఎక్కనిస్తాడేమో, ఉందంటే పంపేస్తాడేమో. ఉద్యోగం అంతా ఆ ఒక్క మాట మీద ఉంది.

"ఉంది," అన్నాను. "బాగా ఉంది."

బావ పక్కకి తప్పుకున్నాడు.

"అయితే ఎక్కు."

ముప్పై నాలుగు మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాను. పైకెళ్లి కూర్చుని లీవరు మీద చెయ్యి వేశాక కిందికి చూశాను. మిగతా ముగ్గురూ దూరంగా జరిగారు. బావ ఒక్కడే కొక్కెం కింద, చెక్క దిమ్మల పక్కన నించుని చెయ్యెత్తాడు. మూడు వేళ్లు కనపడ్డాయి.

"హబీస్."

ఎత్తాను. కాయిలు గాల్లోకి లేచి, పక్కకి జరిగి, దిమ్మల మీదికి వచ్చింది. కాలు మండుతోంది, చిటికెన వేలి దాకా తెలుస్తోంది, ఒళ్లంతా మేలుకుని ఉంది.

"ఆరియా... ఆరియా..."

బావ వంగి దిమ్మ మీద చెయ్యి పెట్టాడు. అవసరం లేదు, దిమ్మ సరిగ్గానే ఉంది. కావాలనే పెట్టాడు. పెట్టి, తల పైకెత్తి నా వైపు చూశాడు.

"బస్."

ఆపాను. కాయిలు వాడి చెయ్యికి మూరెడు ఎత్తున నిలబడిపోయింది, ఊగలేదు. బావ చెయ్యి మెల్లగా తీసుకున్నాడు. మళ్లీ 'ఆరియా' అన్నాక దించాను.

పదిన్నరకి టీ వచ్చింది. బావ తాడు దగ్గరికెళ్లి బకెట్ ముడి విప్పి, దాన్ని షెడ్డు మూలకి విసిరేసి, రెండు గ్లాసులు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పైకి చూడలేదు, పిలవలేదు. నేను కాలు వెనక్కి చాపి మొదటి మెట్టు కోసం వెతుక్కున్నాను. కిందికొచ్చేసరికి టీ చల్లారిపోయింది. ఇద్దరం అదే తాగాం.